వెనక్కి వెళ్లింది సగమే: స్నాప్‌షాట్ రీస్టోర్ చేశాక లినక్స్ ఎందుకు బూట్ కాదు?

క్లుప్తంగా: స్నాప్‌షాట్ (సిస్టమ్ ఒక క్షణంలో ఉన్న తీరుకు దాచిన నకలు) రీస్టోర్ తర్వాత బూట్ ఆగిపోయిన చాలా సందర్భాల్లో ఫైళ్లు పాడై ఉండవు. సిస్టమ్ ఫైళ్లు ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్ పాత తేదీకి వెళ్తుంది. కెర్నెల్ (సిస్టమ్ కేంద్ర ప్రోగ్రామ్), దాన్ని ఎక్కించే బూట్‌లోడర్, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ సెట్టింగులు కొత్త తేదీలోనే ఉండిపోతాయి. ఈ రెండూ పొసగని చోట బూట్ ఆగుతుంది. తెర మీద చివరిగా వచ్చిన సందేశాన్ని బట్టి ఆ చోటు ఏదో చాలావరకు గుర్తించవచ్చు. సిస్టమ్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం అరుదు.

ఒక అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ పనిచేయడం మానేస్తుంది. వినియోగదారు టైమ్‌షిఫ్ట్, స్నాపర్ లాంటి స్నాప్‌షాట్ సాధనంలో నిన్నటి స్నాప్‌షాట్ ఎంచుకుని రీస్టోర్ నొక్కుతారు. పని పూర్తయిందన్న సందేశం వస్తుంది, ఎర్రర్ ఏదీ ఉండదు. రీబూట్ చేస్తే నల్లతెర, లేదా ‘ఎమర్జెన్సీ మోడ్’. అంతకుముందు గ్రాఫిక్స్ ఒక్కటే రాని కంప్యూటర్ ఇప్పుడు అసలు లేవదు. అలాంటప్పుడు స్నాప్‌షాటే చెడిపోయిందని అనుమానం రావడం సహజం. కానీ ఆ దారిన వెళ్తే సమయం వృథా. స్నాప్‌షాట్ తనకు అప్పగించిన పని సరిగ్గానే చేసి ఉంటుంది; దానికి అప్పగించనివి ఏమిటన్నదే అసలు ప్రశ్న.

స్నాప్‌షాట్‌లో ఉండేదేమిటి, లేనిదేమిటి

లినక్స్ లేవడానికి కనీసం నాలుగు అంచెలు దాటాలి. ముందు యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ తన మెమరీలోని బూట్ జాబితా చూసి ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని ఫైల్‌ను నడుపుతుంది. ఆ ఫైల్ సాధారణంగా గ్రబ్ అనే బూట్‌లోడర్. గ్రబ్ కెర్నెల్‌నూ, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్‌నూ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అసలైన రూట్‌ను వెతికి మౌంట్ చేస్తుంది, అంటే వాడకానికి జోడిస్తుంది. ఆ తర్వాత సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ పగ్గాలు తీసుకుని ఎఫ్‌ఎస్‌టాబ్ అనే జాబితా ఫైల్‌లో రాసి ఉన్న మిగతా పార్టిషన్లను మౌంట్ చేసి సర్వీసులను లేపుతుంది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో స్నాప్‌షాట్ అనేది ఒక సబ్‌వాల్యూమ్‌కు (ఫైల్‌సిస్టమ్ లోపలి విడి విభాగానికి) తీసిన నకలు మాత్రమే. ఈ ఫైల్‌సిస్టమ్ 2009లో 2.6.29 కెర్నెల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. రాసిన దాని మీదే మళ్లీ రాయకుండా మార్పును కొత్త చోట రాయడం దీని పద్ధతి కాబట్టి స్నాప్‌షాట్ క్షణాల్లో తయారవుతుంది, మొదట్లో అదనపు చోటు దాదాపు తీసుకోదు. అయితే ఆ సబ్‌వాల్యూమ్ హద్దు దాటి ఒక్క ఫైల్ కూడా అందులోకి రాదు. ఈఎఫ్ఐ పార్టిషన్ ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది కనుక బయటే. విడిగా ఉన్న /బూట్ పార్టిషన్ కూడా బయటే. ఫర్మ్‌వేర్ మెమరీలోని బూట్ జాబితా డిస్కులోనే లేదు. ఒక సబ్‌వాల్యూమ్ లోపల ఇంకో సబ్‌వాల్యూమ్ ఉంటే బయటిదాని స్నాప్‌షాట్‌లో లోపలిది ఖాళీ డైరెక్టరీగా కనిపిస్తుంది. డాకర్ లేదా వర్చువల్ మెషిన్ల డేటా మాయమైందన్న గాభరా చాలాసార్లు ఇక్కడి నుంచే పుడుతుంది. నిజానికి ఆ డేటా పాత రూట్ కిందే భద్రంగా ఉంటుంది.

కాబట్టి /బూట్ విడిగా ఉంటే రీస్టోర్ తర్వాత నాలుగు అంచెల్లో చివరిది మాత్రమే నిన్నటికి వెళ్తుంది. మొదటి మూడూ ఈరోజులోనే ఉంటాయి. అవి ఏ మేరకు వేరుపడి ఉన్నాయన్నది డిస్ట్రిబ్యూషన్‌ను (ఫెడోరా, ఉబుంటు లాంటి లినక్స్ రకాన్ని) బట్టి, ఇన్‌స్టాల్ చేసినప్పుడు పార్టిషన్లు ఎలా పెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒకరికి పనిచేసిన చిట్కా మరొకరికి పనిచేయదు.

కొత్త కెర్నెల్, పాత మాడ్యూల్స్

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే కారణం ఇదే. కెర్నెల్ ఇమేజ్ ఉండేది /బూట్‌లో. దాని డ్రైవర్లలో ఎక్కువ భాగం విడి మాడ్యూల్స్‌గా /యూఎస్ఆర్/లిబ్/మాడ్యూల్స్‌లో, ఒక్కో వెర్షన్‌కు ఒక్కో డైరెక్టరీగా ఉంటాయి. /బూట్‌లో 6.12 కెర్నెల్ ఉంది, రీస్టోర్ చేసిన రూట్‌లో 6.9 మాడ్యూల్స్ మాత్రమే ఉన్నాయి అనుకుందాం. ఇంటికి తాళం మార్చేశాక పాత తాళంచెవి వెతికి తెచ్చుకున్నట్టే: రెండూ చెడిపోలేదు, ఒకదానికొకటి సరిపోవు, అంతే.

ఈ లోపం వెంటనే బయటపడదు. గ్రబ్ మెనూ మామూలుగా వస్తుంది. కెర్నెల్ లేస్తుంది. రూట్‌ను మౌంట్ చేయడానికి కావాల్సిన డ్రైవర్లు 6.12 కోసం తయారైన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనే ఉంటాయి కనుక ఆ అంచె కూడా దాటేస్తుంది. అసలైన రూట్‌లోకి అడుగుపెట్టాక మరో మాడ్యూల్ అవసరమైనప్పుడు 6.12 డైరెక్టరీ లేదని తేలుతుంది. ఆర్చ్ లినక్స్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్‌నే నేరుగా /బూట్‌గా మౌంట్ చేసుకునే వారు ఎక్కువ. అక్కడ ఇది ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్ వీఫ్యాట్’ అన్న సందేశంగా బయటికొస్తుంది. ఫ్యాట్ పార్టిషన్ చెడిపోయిందేమోనని దాన్ని రిపేర్ చేసే ప్రయత్నాలు మొదలవుతాయి. నిజానికి పార్టిషన్ బాగానే ఉంది, దాన్ని చదివే మాడ్యూల్ దొరకలేదు. ఒకవేళ బూట్ ముందుకు సాగినా వైఫై ఉండదు, సౌండ్ ఉండదు, గ్రాఫిక్స్ డ్రైవర్ ఉండదు. షెల్ దొరికితే నడుస్తున్న కెర్నెల్ వెర్షన్‌ను మాడ్యూల్స్ డైరెక్టరీలోని పేర్లతో పోల్చి చూడటమే అసలు పరీక్ష. అర నిమిషం పని.

డిస్ట్రిబ్యూషన్ల మధ్య తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. 2020లో వచ్చిన ఫెడోరా 33 నుంచి వర్క్‌స్టేషన్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిఫాల్ట్. కానీ /బూట్ మాత్రం విడిగా ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లో ఉంటుంది. డిఫాల్ట్‌గా మూడు కెర్నెల్స్ దాచి ఉంచుతుంది కనుక స్నాప్‌షాట్ మరీ పాతది కాకపోతే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోగానే సిస్టమ్ లేచే అవకాశం ఉంది. ఏ మరమ్మతుకైనా ముందు ఈ ప్రయత్నం చేయాలి; దీనివల్ల పోయేదేమీ లేదు. ఆర్చ్‌లో అప్‌డేట్ కాగానే పాత కెర్నెల్, దాని మాడ్యూల్స్ రెండూ తొలగిపోతాయి. ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతు ఉండే) కెర్నెల్ కూడా పెట్టుకోనివారికి మెనూలో ఎంచుకోవడానికి రెండోది ఉండదు. ఓపెన్‌సూసే పాత గ్రబ్ అమరికలో కెర్నెల్ రూట్ సబ్‌వాల్యూమ్‌లోనే ఉంటుంది. స్నాప్‌షాట్‌తో పాటు కెర్నెల్ కూడా వెనక్కి వెళ్తుంది కాబట్టి ఈ సమస్య దాదాపు తలెత్తదు. ఉబుంటు, లినక్స్ మింట్‌ల డిఫాల్ట్ ఈఎక్స్‌టీ4. ఎన్‌క్రిప్షన్ ఎంచుకోకపోతే /బూట్ కూడా రూట్‌లోనే ఉంటుంది; టైమ్‌షిఫ్ట్ ఆర్‌సింక్ పద్ధతిలో ఫైళ్లను నకలు తీస్తుంది కనుక కెర్నెల్ కూడా అందులో చేరుతుంది. అదే ఉబుంటును బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద విడి /బూట్‌తో పెట్టుకుంటే పరిస్థితి ఫెడోరాలాగే తయారవుతుంది.

ఎఫ్‌ఎస్‌టాబ్‌లోని ఆ నంబరు

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి సబ్‌వాల్యూమ్‌కు పేరుతో పాటు ఒక ఐడీ నంబరు ఉంటుంది. అన్నిటికన్నా పైనున్నదాని నంబరు 5. ఆ తర్వాత సృష్టించినవి 256 నుంచి మొదలవుతాయి. టైమ్‌షిఫ్ట్ రీస్టోర్ చేసేటప్పుడు ఇప్పటి ‘@’ సబ్‌వాల్యూమ్‌ను పక్కకు జరిపి, ఎంచుకున్న స్నాప్‌షాట్ నుంచి అదే పేరుతో కొత్త ‘@’ తయారుచేస్తుంది. పేరు పాతదే కానీ నంబరు మారిపోతుంది.

ఎఫ్‌ఎస్‌టాబ్‌లో పేరు మాత్రమే రాసి ఉంటే చిక్కు లేదు. ఆర్చ్ ఇన్‌స్టాల్ సమయంలో వాడే జెన్‌ఎఫ్‌ఎస్‌టాబ్ పాత వెర్షన్లు పేరు, నంబరు రెండూ రాసేవి. అప్పుడు కెర్నెల్ రెండింటినీ సరిచూసి, కుదరకపోతే మౌంట్ చేయడానికి నిరాకరిస్తుంది. నంబరు ఒక్కటే రాసి ఉంటే ఇంకా ఇబ్బంది: పక్కకు జరిపిన పాత సబ్‌వాల్యూమ్ నిక్షేపంగా మౌంట్ అవుతుంది. రీస్టోర్ చేసినా ఏమీ మారలేదేమిటని వినియోగదారు తల పట్టుకుంటారు. పరిష్కారం చిన్నదే. ఎఫ్‌ఎస్‌టాబ్ నుంచి సబ్‌వాల్‌ఐడీ ఆప్షన్ తీసేసి పేరు మాత్రం ఉంచాలి. ఈ పని స్నాప్‌షాట్ తీయడానికి ముందే చేసి ఉంచడం మంచిది. లేదంటే ప్రతి పాత స్నాప్‌షాట్‌లోనూ ఆ నంబరు ఉన్న పాత ఎఫ్‌ఎస్‌టాబే కూర్చుని ఉంటుంది.

దీనికి దగ్గరి చుట్టం లాంటిది స్నాపర్ రోల్‌బ్యాక్ కమాండ్. ఓపెన్‌సూసే రూట్‌ను పేరుతో పిలవదు. ఫైల్‌సిస్టమ్‌లో ‘డిఫాల్ట్’ అని గుర్తు పెట్టిన సబ్‌వాల్యూమ్‌ను మౌంట్ చేస్తుంది. రోల్‌బ్యాక్ చేసే పనల్లా ఆ గుర్తును కొత్త నకలు మీదికి మార్చడమే. ఉబుంటు, ఆర్చ్, ఫెడోరాలలో కెర్నెల్ కమాండ్ లైన్‌లోనే సబ్‌వాల్యూమ్ పేరు రాసి ఉంటుంది కనుక ఆ గుర్తు ఎటు మారినా ఎవరూ పట్టించుకోరు. దానికితోడు అసలు గ్రబ్‌లో డిఫాల్ట్ సబ్‌వాల్యూమ్ అన్న ఆలోచనే లేదు. సూసే తన గ్రబ్‌కు ప్రత్యేకంగా ఆ మార్పు చేసుకుంది. సూసే గైడ్ చదివి వేరే డిస్ట్రిబ్యూషన్‌లో అవే కమాండ్లు కొట్టడం వల్ల వచ్చే తంటాలు తక్కువేమీ కాదు.

గ్రబ్ ఒక్క చోట ఉండదు

గ్రబ్ రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, పాత బయోస్ యంత్రాలైతే డిస్కు మొదట్లో ఉంటుంది. రెండోది /బూట్/గ్రబ్‌లోని మాడ్యూల్స్. రూట్‌లోనే /బూట్ ఉన్న సిస్టమ్‌ను రీస్టోర్ చేస్తే రెండో భాగం వెనక్కి వెళ్తుంది, మొదటిది వెళ్లదు. అప్పుడు ‘సింబల్ నాట్ ఫౌండ్’ అని సందేశమిచ్చి గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. ఇదే రకమైన పొంతనలేమి స్నాప్‌షాట్‌తో సంబంధం లేకుండానే 2020 జులైలో చాలామందికి అనుభవమైంది. బూట్‌హోల్ భద్రతా లోపానికి విడుదలైన గ్రబ్ అప్‌డేట్ కొన్ని బయోస్ యంత్రాల్లో మాడ్యూల్స్‌ను మార్చింది కానీ, డిస్కు మొదట్లోని భాగాన్ని సరైన డిస్కు మీద రాయలేకపోయింది. ‘గ్రబ్ క్యాలక్ నాట్ ఫౌండ్’ అన్న సందేశం అప్పట్లో బాగా ప్రచారమైంది.

సూసే ఈ ప్రమాదాన్ని ముందే ఊహించినట్టుంది. అక్కడ /బూట్/గ్రబ్2 లోపలి మాడ్యూల్ డైరెక్టరీలను విడి సబ్‌వాల్యూమ్‌లుగా చేసి, స్నాప్‌షాట్‌లో చేరకుండా వదిలేశారు. బూట్‌లోడర్‌ను వెనక్కి తీసుకెళ్లడం కుదరదని వారి డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. దేన్ని వెనక్కి తీసుకెళ్లాలో ఎంత ముఖ్యమో, దేన్ని తీసుకెళ్లకూడదో అంతే ముఖ్యమని గుర్తించిన డిజైన్ అది. ప్యాకేజీ డేటాబేస్ విషయంలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. ఆర్‌పీఎం డేటాబేస్ /వార్‌లో ఉండి, /వార్ స్నాప్‌షాట్ బయట ఉంటే, రీస్టోర్ తర్వాత ఫైళ్లు పాతవి, జాబితా కొత్తది అవుతుంది. అందుకే ఓపెన్‌సూసే, తర్వాత ఫెడోరా 36 ఆ డేటాబేస్‌ను /యూఎస్ఆర్ కిందికి మార్చాయి.

ఎక్కడ ఆగిందో చూస్తే

కారణాలు ఇన్ని ఉన్నా వరుసగా అన్నీ ప్రయత్నించనక్కర్లేదు. బూట్ ఏ అంచెలో ఆగిందన్నదే వాటిలో చాలావాటిని కొట్టేస్తుంది.

బూట్ చేయడానికి డిస్కే లేదని ఫర్మ్‌వేర్ చెబితే రూట్‌లో వెతకడం దండగ. ఈఎఫ్ఐ పార్టిషన్ లేదా ఫర్మ్‌వేర్ బూట్ జాబితా చూడాలి. ‘గ్రబ్ రెస్క్యూ’ ప్రాంప్ట్ వస్తే గ్రబ్ మొదటి భాగానికి రెండోది దొరకలేదనో, రెండూ కలవలేదనో అర్థం. ‘రెస్క్యూ’ అన్న మాట లేకుండా వట్టి గ్రబ్ ప్రాంప్ట్ వస్తే మాడ్యూల్స్ దొరికాయి, కాన్ఫిగరేషన్ ఫైల్ దొరకలేదు. ఉబుంటులో ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని చిన్న గ్రబ్ ఫైల్ అసలు ఫైల్‌సిస్టమ్‌ను యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో వెతుకుతుంది కనుక కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్కు మీద రీస్టోర్ చేసినప్పుడు ఇలా ఆగడం మామూలే.

కెర్నెల్ ప్యానిక్ అయి ‘అన్‌నోన్ బ్లాక్ (0,0)’ అని చూపిస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోడ్ కాలేదని ముందుగా అనుమానించాలి. ఫలానా యూయూఐడీ లేదంటూ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ షెల్ తెరుచుకుంటే రూట్ చిరునామా మారిందనో, డిస్కు డ్రైవర్ అందులో లేదనో, ఎన్‌క్రిప్టెడ్ డిస్కు తెరుచుకోలేదనో తేల్చుకోవాలి. ఒక డివైజ్ కోసం ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టి ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తే ఇక అది ఎఫ్‌ఎస్‌టాబ్ వ్యవహారమే. ఆ 90 సెకన్లు సిస్టమ్‌డీ డిఫాల్ట్ గడువు. రూట్ మౌంట్ అయింది, ఎఫ్‌ఎస్‌టాబ్‌లోని ఇంకేదో కాలేదు.

ఎమర్జెన్సీ మోడ్‌లో ఇంకో ఆటంకం ఉంది. ఉబుంటు, ఫెడోరాలలో రూట్ ఖాతాకు సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు. ‘రూట్ అకౌంట్ లాక్ అయింది’ అని చెప్పి షెల్ ఇవ్వకుండానే నిలబెట్టేస్తుంది. కంగారుపడాల్సిన పనిలేదు. గ్రబ్ మెనూలో కెర్నెల్ లైన్‌ను ఎడిట్ చేసి ఇనిట్ స్థానంలో బ్యాష్ పెట్టి లేపవచ్చు. అంతకన్నా సులువైనది లైవ్ యూఎస్‌బీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా యూఎస్‌బీ నుంచే నడిచే లినక్స్.

మరమ్మతు ఏ వరుసలో

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో అన్నిటికన్నా ముందున్న దారి, చాలామందికి తట్టనిది, రీస్టోర్‌నే వెనక్కి తీసుకోవడం. రీస్టోర్‌కు ముందున్న రూట్ చెరిగిపోదు. టైమ్‌షిఫ్ట్ దాన్ని మరో స్నాప్‌షాట్‌గా దాచి ఉంచుతుంది. లైవ్ యూఎస్‌బీ నుంచి దాన్నే మళ్లీ ‘@’గా మారిస్తే గ్రాఫిక్స్ ఒక్కటే పనిచేయని పాత స్థితి తిరిగొస్తుంది. /బూట్‌లోని కెర్నెల్‌కు సరిపడే మాడ్యూల్స్ కూడా దాంతో వస్తాయి. డిస్కులను వాల్యూమ్‌లుగా విభజించే ఎల్‌వీఎం స్నాప్‌షాట్‌లో ఈ వెసులుబాటు లేదు. మెర్జ్ (స్నాప్‌షాట్‌ను అసలు వాల్యూమ్‌లో కలపడం) పూర్తయ్యాక స్నాప్‌షాట్, దానితోపాటు మెర్జ్‌కు ముందున్న స్థితి, రెండూ పోతాయి. పైగా వాడుకలో ఉన్న రూట్ వాల్యూమ్ మీద మెర్జ్ అప్పటికప్పుడు జరగదు, తర్వాతి బూట్‌కు వాయిదా పడుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో డీఎం-స్నాప్‌షాట్ మాడ్యూల్ లేకపోతే ఆ వాల్యూమ్ యాక్టివేట్ కాక అక్కడే చిక్కుపడుతుంది.

రీస్టోర్ చేసిన స్థితే కావాలనుకుంటే లైవ్ యూఎస్‌బీ నుంచి సీహెచ్‌రూట్ చేయాలి, అంటే డిస్కులోని సిస్టమ్ లోపలికి ప్రవేశించి కమాండ్లు నడపాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను ఊరికే మౌంట్ చేస్తే చాలా డిస్ట్రిబ్యూషన్లలో పైనున్న 5వ నంబరు సబ్‌వాల్యూమ్ వస్తుంది, అందులో రూట్ డైరెక్టరీలు కనిపించవు. సబ్‌వాల్యూమ్ పేరు ఆప్షన్‌గా ఇచ్చి మౌంట్ చేయాలి. తర్వాత /బూట్‌నూ ఈఎఫ్ఐ పార్టిషన్‌నూ వాటి వాటి చోట్ల తప్పకుండా మౌంట్ చేయాలి. ఇది మరిచిపోతే కెర్నెల్ రూట్‌లోని ఖాళీ /బూట్ డైరెక్టరీలోకి వెళ్లి కూర్చుంటుంది, కమాండ్లన్నీ విజయవంతమైనట్టే చూపిస్తాయి, రీబూట్‌లో ఏ మార్పూ ఉండదు. ఎన్నిసార్లు చేసినా రావడం లేదనే ఫిర్యాదుల వెనుక ఈ ఒక్క పొరపాటు ఉండే అవకాశం ఎక్కువ.

ఆ తర్వాత కెర్నెల్‌ను మాడ్యూల్స్‌తో కలపాలి. ఫెడోరా, ఆర్చ్‌లలో ప్రతి వెర్షన్ మాడ్యూల్స్ డైరెక్టరీలోనే కెర్నెల్ ఇమేజ్ ప్రతి కూడా ఒకటి ఉంటుంది. అంటే స్నాప్‌షాట్‌లోనే పాత కెర్నెల్ ఉన్నట్టు! దాన్ని /బూట్‌లోకి చేర్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కొత్తగా తయారుచేస్తే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫెడోరాలో కెర్నెల్-ఇన్‌స్టాల్ ఈ రెండు పనులూ కలిపి చేస్తుంది. ఆర్చ్‌లో ఇమేజ్‌ను కాపీ చేసి ఎంకేఇనిట్‌సీపీఐఓ నడపాలి. డెబియన్, ఉబుంటులలో ఆ ప్రతి ఉండదు కనుక కెర్నెల్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయాలి. గ్రబ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడం చివరి మెట్టు, అదీ గ్రబ్ దగ్గరే ఆగినప్పుడు మాత్రమే. యూఈఎఫ్ఐ ఉన్న ఫెడోరాలో గ్రబ్2-ఇన్‌స్టాల్ కమాండ్ వాడకూడదు. షిమ్ (సంతకాలు సరిచూసే సెక్యూర్ బూట్ కోసం గ్రబ్‌కు ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్), గ్రబ్ ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి. లేదంటే సెక్యూర్ బూట్ సంతకం పోయి కొత్త సమస్య నెత్తిన పడుతుంది.

ఫెడోరా మీద ఆర్‌సింక్ లాంటి ఫైల్ నకలుతో రీస్టోర్ చేసినవారికి ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఫైళ్లకు పెట్టే లేబుళ్లు పోవడం ఇంకో కారణం. ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్స్ కాపీ చేసే ఆప్షన్ లేకుండా ఆర్‌సింక్ నడిపితే ఫైళ్లన్నీ సక్రమంగా వచ్చినా సర్వీసులకు వాటిని తెరిచే అనుమతి దొరకదు. ఆటోరీలేబుల్ ఫైల్ సృష్టించి, ఆ ఒక్క బూట్‌కు ఎన్‌ఫోర్సింగ్ ఆపి లేపితే సరిపోతుంది.

హైబర్నేట్ చేసిన కంప్యూటర్‌లో లైవ్ యూఎస్‌బీ ద్వారా రీస్టోర్ చేయడం మాత్రం నిజంగా ప్రమాదకరం. స్వాప్‌లోని మెమరీ చిత్రంలో పాత ఫైల్‌సిస్టమ్ స్థితి ఉంటుంది. దాన్ని మళ్లీ లేపితే కెర్నెల్ తనకు గుర్తున్న డిస్కు ఇదేననుకుని రాతలు మొదలుపెడుతుంది. ఇంతవరకు చెప్పినవన్నీ పొంతన సమస్యలైతే, ఇది డేటా పాడయ్యే సమస్య. అలాంటప్పుడు మొదటి బూట్‌కు ‘నోరెజ్యూమ్’ ఆప్షన్ తప్పనిసరి.

వేరే డిస్కు, వేరే యంత్రం

మొత్తం డిస్కు ఇమేజ్‌ను తిరిగి రాస్తే /బూట్, ఈఎఫ్ఐ పార్టిషన్ కూడా వెనక్కి వెళ్తాయి కాబట్టి పై చిక్కులు చాలావరకు తొలగిపోతాయి. ఫర్మ్‌వేర్ మాత్రం కొత్త తేదీలోనే ఉంటుంది. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ ఫర్మ్‌వేర్‌లోని ఎస్‌బాట్ అనే, పాత బూట్‌లోడర్లను అడ్డుకునే రద్దు జాబితాను పెంచింది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న యంత్రాల్లో పాత బూట్‌లోడర్లు సెక్యూర్ బూట్ పరీక్షలో నిలవక ఆగిపోయాయి. జాబితా ఒకసారి పెరిగాక అంతకుముందు తీసిన డిస్కు ఇమేజ్‌ను ఎంత చక్కగా రీస్టోర్ చేసినా అందులోని పాత షిమ్‌కు అనుమతి దొరకదు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లేపి, షిమ్ అప్‌డేట్ చేసుకోవాలి.

ఒకే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు బ్లాక్ స్థాయిలో తీసిన నకలు, అసలు డిస్కు రెండూ ఒకేసారి తగిలించి ఉంచడం ఇంకో ప్రమాదం. రెండింటి యూయూఐడీ ఒకటే కావడంతో కెర్నెల్ ఒకదాన్ని మరొకటిగా పొరబడి డేటా పాడు చేయవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇలాంటప్పుడు రెండోదాన్ని మౌంట్ చేయనంటుంది. ఆ మొండితనమే మేలు.

క్లౌడ్‌లో రూపం మారుతుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో పాత జెన్ రకం సర్వర్ నుంచి తీసిన స్నాప్‌షాట్‌ను నైట్రో రకం మీద లేపితే డిస్కు ఎన్‌వీఎంఈగా కనిపిస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ డ్రైవర్ లేకపోయినా, ఎఫ్‌ఎస్‌టాబ్‌లో ఎక్స్‌వీడీఏ లాంటి పాత డివైజ్ పేరు రాసి ఉన్నా బూట్ ఆగుతుంది. అక్కడ తెర ఉండదు కాబట్టి కన్సోల్ లాగ్ చూడటం, ఆ వాల్యూమ్‌ను మరో సర్వర్‌కు తగిలించి సరిచేయడం ప్రధాన దారులు. బూట్‌కు అవసరం లేని పార్టిషన్లకు ఎఫ్‌ఎస్‌టాబ్‌లో ‘నోఫెయిల్’ (మౌంట్ కాకపోయినా బూట్ ఆపవద్దన్న ఆప్షన్) పెట్టుకునే అలవాటు సర్వర్లలో ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

డిస్ట్రిబ్యూషన్లు ఎటు వెళ్తున్నాయి

కెర్నెల్‌కూ రూట్‌కూ మధ్య ఉన్న ఈ అతుకును లేకుండా చేయడానికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ఫెడోరా సిల్వర్‌బ్లూ, నిక్స్‌ఓఎస్ వంటివి పట్టుకున్నది. వాటిలో ప్రతి వెర్షన్‌కూ దాని కెర్నెల్, బూట్ మెనూలో దాని వరుస కలిసే ఉంటాయి. వెనక్కి వెళ్లడమంటే మెనూలో ఇంకో వరుస ఎంచుకోవడమే. రెండోది ఓపెన్‌సూసే సిస్టమ్‌డీ-బూట్‌తో చేస్తున్నది. సిస్టమ్‌డీ-బూట్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను చదవలేదు కాబట్టి, స్నాప్‌షాట్లకు కావాల్సిన కెర్నెల్స్‌ను ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి చేర్చి, ఏ స్నాప్‌షాట్‌కు ఏ కెర్నెలో మెనూ వరుసలోనే రాసి పెడుతుంది.

రెండింటికీ ధర ఒకటే: చోటు. ఒక్కో కెర్నెల్, దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కలిపి పదుల మెగాబైట్లు, ఒక్కోసారి వందకు పైగా ఆక్రమిస్తాయి. పాత కంప్యూటర్లలో విండోస్ ఇన్‌స్టాలర్ వదిలిన 100 మెగాబైట్ల ఈఎఫ్ఐ పార్టిషన్‌లో అవి రెండు మూడు కూడా పట్టవు. దాన్ని పెద్దది చేయాలంటే దాని పక్కనున్న పార్టిషన్లన్నిటినీ జరపాలి. అందువల్ల ఇప్పటికే ఉన్న కంప్యూటర్లలో చాలావాటికి విడి /బూట్, పాత గ్రబ్, బయట ఉండిపోయే కెర్నెల్ ఇంకొన్నేళ్లు తప్పవు.